సొంత లాగిన్‌తో పెట్టిన డాష్‌బోర్డ్ తెరుచుకోకపోతే లోపాన్ని ఎలా పట్టుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో రైసుమిల్లులకు, రొయ్యల కొనుగోలు సంస్థలకు, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు పోర్టల్‌లు తయారుచేసి ఇచ్చే చిన్న బృందాల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. "మా పోర్టల్‌లో లాగిన్ సరిగ్గానే అవుతోంది. లోపల పెట్టిన డాష్‌బోర్డ్ మాత్రం ఖాళీగా ఉంటోంది, లేదా మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం చేయాలి?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. పైకి కనిపించే లక్షణం ఒకటే అయినా, దాని వెనుక ఉండగల కారణాలు చాలా. అయితే ఆ కారణాలను వెతికే క్రమం మాత్రం దాదాపు అందరికీ ఒకటే. డాష్‌బోర్డ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో మీరు మెటాబేస్ వాడుతున్నా, అపాచీ సూపర్‌సెట్ వాడుతున్నా, టాబ్లో వాడుతున్నా ఈ క్రమం పనికొస్తుంది.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో చెరువుల దగ్గర రొయ్యలు కొనే సంస్థ ఒకటి ఉందనుకోండి. ఒక్కో కొనుగోలు కేంద్రం సూపర్‌వైజర్ తన మొబైల్ నంబరు, ఓటీపీతో పోర్టల్‌లోకి వస్తారు. తన కేంద్రంలో ఆ రోజు ఎన్ని టన్నులు కొన్నారో, ఏ కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) ఏ ధర పలికిందో డాష్‌బోర్డ్‌లో చూస్తారు. పక్క కేంద్రం లెక్కలు ఆయనకు కనిపించకూడదు.

ఇందులో అయిదు దశలున్నాయి. పోర్టల్ మనిషిని గుర్తిస్తుంది. పోర్టల్ సర్వర్ ఒక టోకెన్ (ఆ మనిషి ఎవరో చెప్పే డిజిటల్ చీటీ) తయారుచేసి, తన రహస్య కీతో సంతకం పెడుతుంది. బ్రౌజర్ ఆ టోకెన్‌ను ఐఫ్రేమ్‌లోకి (పేజీ లోపల మరో పేజీని చూపే చట్రంలోకి) తీసుకెళుతుంది. డాష్‌బోర్డ్‌ను నడిపే అనలిటిక్స్ సర్వర్ సంతకాన్ని సరిచూసి సెషన్ తెరుస్తుంది. చివరగా, ఆ మనిషికి ఏ వరుసలు చూపాలో ఫిల్టర్ నిర్ణయిస్తుంది. తెగింది ఏ దశలోనో తెలియకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెడితే, లోపం తీరకపోగా కొత్త లోపాలు చేరతాయి. అందుకే కింది మొదటి మూడు అడుగుల్లో ఏదీ మార్చవద్దు. చూడండి, రాసుకోండి, అంతే.

కావలసినవి

- వేర్వేరు కేంద్రాలకు చెందిన రెండు పరీక్షా ఖాతాలు. ఒక్క ఖాతాతో ఈ పని పూర్తి కాదు. కారణం చివర్లో తెలుస్తుంది.
- డెవలపర్ టూల్స్ ఉన్న డెస్క్‌టాప్ క్రోమ్, దానితోపాటు ఒక ఐఫోన్ గానీ, సఫారీ ఉన్న మ్యాక్ గానీ.
- పోర్టల్ సర్వర్, అనలిటిక్స్ సర్వర్, మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ వంటి ప్రాక్సీ (అభ్యర్థనలను అందుకుని లోపలి సర్వర్‌కు పంపేది) ఉంటే అది, ఈ మూడింటి లాగ్‌లు చూసే అనుమతి.
- ఇప్పుడున్న సెట్టింగుల ఫైళ్ళకు తేదీ వేసి దాచిన నకలు.
- వీలైతే విడిగా ఒక టెస్ట్ సర్వర్.

టెస్ట్ సర్వర్ లేకపోతే, కనీసం చెరువుల్లో రొయ్యల పట్టుబడులు జరిగే తెల్లవారుజాము వేళ లైవ్ సర్వర్ మీద చేయి పెట్టకండి. ఆ గంటల్లో డాష్‌బోర్డ్ ఆగితే సూపర్‌వైజర్లు ధరలు ఫోన్లలో కనుక్కుని కాగితాల మీద రాసుకోవాల్సి వస్తుంది, ఆ తర్వాత లెక్కలు కలవవు.

అడుగు 1: లోపం ఎవరికి, ఎప్పుడు వస్తోందో రాసుకోండి

"పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదును అలాగే తీసుకోకండి. మూడు విషయాలు అడగండి: అందరికీ వస్తోందా, కొందరికేనా? మొదటి నుంచీ రావడం లేదా, కొన్ని నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోందా? అన్ని ఫోన్లలోనూ ఇంతేనా, కొన్నింటిలోనేనా?

అందరికీ ఒకేసారి ఆగిపోతే కీ, సర్వర్ గడియారం లేదా ప్రాక్సీ వైపు చూడాలి. ఐఫోన్ వాడేవారికే రాకపోతే అది దాదాపుగా కుకీ (సెషన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారం) సమస్య. కొన్ని నిమిషాల తర్వాత ఆగితే టోకెన్ గడువు. ఒకరిద్దరికే రాకపోతే వారి ఖాతా వివరాల్లో తేడా ఉంటుంది. ఈ ప్రశ్నలు అడిగితే సగం పని ఫోన్‌లోనే పూర్తవుతుంది.

అడుగు 2: నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్టేటస్ కోడ్ చూడండి

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో "ప్రిజర్వ్ లాగ్" టిక్ చేసి, అప్పుడు లాగిన్ కండి. టిక్ చేయకపోతే పేజీ మారగానే పాత వివరాలన్నీ చెరిగిపోతాయి. మామూలు విండోలో పరీక్షించకండి. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయిన పాత సెషన్ అందులో ఉండిపోతే, లోపం ఉన్నా డాష్‌బోర్డ్ చక్కగా తెరుచుకుంటుంది. "నా దగ్గర పనిచేస్తోంది, మీ దగ్గరే తేడా" అనే వాదనలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

401 వస్తే సర్వర్ మిమ్మల్ని గుర్తించలేదని అర్థం: టోకెన్ చేరలేదు, లేదా చేరినా చెల్లలేదు. 403 వస్తే సాధారణంగా గుర్తింపు జరిగింది కానీ అనుమతి లేదు. వేరే చిరునామాకు మళ్ళించే 302లు వరుసగా వస్తూ పేజీ తిరుగుతూనే ఉంటే, సెషన్ కుకీ నిలవడం లేదు, లేదా ప్రాక్సీ తప్పు చెబుతోంది. 200 వచ్చి కూడా ఐఫ్రేమ్ తెల్లగా ఉంటే కన్సోల్ ట్యాబ్ చూడండి; ఫ్రేమ్‌లో చూపడానికి నిరాకరించామన్న సందేశం ఎర్రగా కనిపిస్తుంది. 200 వచ్చి, డాష్‌బోర్డ్ చట్రం కనిపించి, చార్టులు మాత్రం ఖాళీగా ఉంటే లాగిన్‌లో ఏ లోపమూ లేదు. అప్పుడు నేరుగా 8వ అడుగుకు వెళ్ళండి.

అడుగు 3: టోకెన్‌ను విప్పి చదవండి

ఎక్కువ సాఫ్ట్‌వేర్‌లు వాడేది జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్) రకం టోకెన్. దీనికి రెండు చుక్కలతో విడదీసిన మూడు భాగాలుంటాయి: హెడర్, పేలోడ్, సంతకం. మొదటి రెండూ పోస్టుకార్డు మీది రాత లాంటివి. చేతికందిన ఎవరైనా చదవగలరు. కాబట్టి పేలోడ్‌లో పాస్‌వర్డ్‌లు, ఆధార్ నంబర్లు ఎప్పుడూ పెట్టకూడదు.

రెండో భాగాన్ని మీ సొంత కంప్యూటర్‌లోనే డీకోడ్ చేయండి. లైవ్ టోకెన్‌ను తెలియని వెబ్‌సైట్లలో అతికించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇందులో తప్పేమిటి" అని అడగడం ప్రమాదకరం. గడువు తీరేలోపు దాన్ని పట్టుకున్నవారు ఆ సూపర్‌వైజర్‌గా లోపలికి రావచ్చు. డీకోడ్ చేశాక నాలుగు విలువలు రాసుకోండి: ఎవరు జారీచేశారో చెప్పే ఐఎస్ఎస్, ఎవరి కోసమో చెప్పే ఏయూడీ, మనిషిని తెలిపే ఎస్‌యూబీ, గడువు తెలిపే ఈఎక్స్‌పీ. అనలిటిక్స్ సర్వర్ సెట్టింగులలో ఉన్న విలువలతో వీటిని అక్షరం అక్షరం పోల్చండి. చిరునామా చివర ఒక ఏటవాలు గీత (/) ఎక్కువున్నా, హెచ్‌టీటీపీఎస్ బదులు హెచ్‌టీటీపీ ఉన్నా టోకెన్ చెల్లదు.

తెలుగు పేర్లు వాడేవారికి ఇక్కడ రెండు చిక్కులున్నాయి. బ్రౌజర్ కన్సోల్‌లోని ఏటూబీ ఫంక్షన్‌తో విప్పితే పేలోడ్‌లోని తెలుగు పేరు పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. అది టోకెన్ లోపం కాదు; ఆ ఫంక్షన్ తెలుగు వంటి లిపులను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిని అర్థం చేసుకోదు, అంతే. దానికి ఎదురు పని చేసే బీటూఏ ఫంక్షన్‌కు మాత్రం తెలుగు అక్షరాలు ఇస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. టోకెన్ తయారీలో ఎవరైనా ఆ ఫంక్షన్ వాడి ఉంటే, పేరును ఇంగ్లీషులో నమోదు చేసుకున్నవారికి లాగిన్ అవుతుంది, తెలుగులో నమోదు చేసుకున్నవారికి కాదు. టోకెన్‌ను చేతితో కట్టకుండా, పరీక్షలకు నిలిచిన లైబ్రరీతో, సర్వర్ వైపే తయారుచేయించడం సరైన పరిష్కారం.

అడుగు 4: కాలం సరిచూడండి

ఈ అడుగును దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. కీ మార్చి, సర్వర్ మార్చి, చివరికి సాఫ్ట్‌వేరే మార్చాలని అనుకునే స్థితికి వచ్చినవారిలో కూడా అసలు కారణం గడియారమే కావచ్చు.

ఈఎక్స్‌పీ విలువ 1970 జనవరి 1 నుంచి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) ప్రకారం గడిచిన సెకన్ల సంఖ్య. ఇప్పటి కాలానికి అది 10 అంకెలుండాలి. 13 అంకెలుంటే జావాస్క్రిప్ట్ ఇచ్చిన మిల్లీసెకన్లను 1000తో భాగించకుండా పెట్టారన్నమాట. కొన్ని లైబ్రరీలు దీన్ని అభ్యంతరం లేకుండా ఒప్పుకుంటాయి, అప్పుడు డాష్‌బోర్డ్ తెరుచుకుంటుంది కూడా. కానీ ఆ టోకెన్ వేల సంవత్సరాల వరకు చెల్లుతుంది. లాగిన్ అవుతోంది కదా అని దాన్ని వదిలేయకండి.

రెండో తప్పు మన దేశ కాలానికి సంబంధించినది. మన గడియారం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు, అంటే 19,800 సెకన్లు ముందుంటుంది. పైథాన్‌లో యూటీసీనౌ ఫంక్షన్ ఇచ్చిన సమయాన్ని టైమ్‌స్టాంప్‌గా మారిస్తే, పైథాన్ దాన్ని స్థానిక కాలంగా భావిస్తుంది. మీ ఆఫీసు సర్వర్ భారత కాలంలో ఉంటే విలువ సరిగ్గా 19,800 తగ్గుతుంది. టోకెన్ పుట్టకముందే గడువు తీరిపోతుంది. అదే కోడ్ యూటీసీలో నడిచే క్లౌడ్ సర్వర్ మీద చక్కగా పనిచేస్తుంది. కాబట్టి క్లౌడ్‌లో పనిచేసి ఆఫీసులో పనిచేయకపోతే, ఇప్పటి సెకన్ల విలువకూ టోకెన్‌లోని జారీ సమయానికీ తేడా తీయండి. అది 19,800 దగ్గరగా వస్తే ఇక వేరే వెతకనవసరం లేదు. కాలమండలాన్ని స్పష్టంగా యూటీసీ అని చెప్పి సమయం తీసుకోండి. ఆ పాత ఫంక్షన్‌ను పైథాన్ 3.12 నుంచి వాడవద్దనే హెచ్చరిక కూడా వస్తుంది.

మూడోది, గడియారమే తప్పు నడవడం. కరెంటు తరచూ పోయే చోట, లోపలి బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడుతుంటే, అది లేచిన ప్రతిసారీ పాత సమయం చూపవచ్చు. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశం ఇచ్చి, గడియారం సింక్ అయిందన్న వరుసలో "ఎస్ (yes)" ఉందో లేదో చూడండి. రెండు సర్వర్లలోనూ చూడాలి. సరిచేసిన తర్వాత కూడా సరిచూపులో 30 నుంచి 60 సెకన్ల వెసులుబాటు ఇవ్వడం మంచిది. గంటల తరబడి వెసులుబాటు ఇచ్చి లోపాన్ని కప్పిపుచ్చడం మాత్రం తగదు.

అడుగు 5: కీ సరిపోతోందా?

రెండు వైపులా ఉన్నది ఒకటే కీ అని కంటితో చూసి నమ్మకండి. ఎకో ఆదేశంతో ఫైలులో రాసిన కీ చివర కనిపించని కొత్త వరుస గుర్తు చేరుతుంది. కాబట్టి రెండు చోట్లా కీ పొడవును బైట్లలో లెక్కించి పోల్చండి; ఒక్కటి తేడా వస్తే కారణం అదే. రెండు వైపులా ఒకే కీ వాడే హెచ్‌ఎస్ 256 సంతకం పద్ధతికి కీ కనీసం 32 బైట్లు ఉండాలి. ఆర్‌ఎస్ 256 వాడుతుంటే పోర్టల్ దగ్గర ప్రైవేటు కీ, అనలిటిక్స్ దగ్గర దాని జత పబ్లిక్ కీ ఉండాలి; ఎన్విరాన్‌మెంట్ ఫైలులో పెట్టినప్పుడు కీలోని వరుసలు విరిగిపోలేదని చూసుకోండి.

కీ బ్రౌజర్‌కు చేరే జావాస్క్రిప్ట్‌లో ఎక్కడా ఉండకూడదు. ఉంటే ఆ కీని ఈ రోజే మార్చండి.

అడుగు 6: ఐఫ్రేమ్, కుకీ

2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ (వేరే సైటు లోపలి నుంచి వెళ్ళే అభ్యర్థనలతో కుకీ పంపాలా వద్దా అని చెప్పే) విలువ చెప్పని కుకీని "లాక్స్"గా పరిగణిస్తున్నారు. అంటే పోర్టల్ ఒక డొమైన్‌లో, అనలిటిక్స్ వేరే డొమైన్‌లో ఉంటే, ఐఫ్రేమ్ లోపలి సెషన్ కుకీ సర్వర్‌కు వెళ్ళదు. టోకెన్ చెల్లుతుంది, సెషన్ తెరుచుకుంటుంది, తర్వాతి అభ్యర్థనలో అది మాయమవుతుంది, మళ్ళీ లాగిన్ పేజీ వస్తుంది. దీనికి అందరూ చెప్పే చికిత్స కుకీని "సేమ్‌సైట్ నన్, సెక్యూర్" అని మార్చడం. అది హెచ్‌టీటీపీఎస్ ఉంటేనే పనిచేస్తుంది. పైగా సఫారీ 2020 మార్చి నుంచి ఇతర డొమైన్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది కాబట్టి ఐఫోన్లలో అది సరిపోదు.

నా సలహా వేరు. రెండింటినీ ఒకే డొమైన్ కింద ఉప డొమైన్లుగా పెట్టండి: పోర్టల్‌కు ఒకటి, రిపోర్టులకు ఒకటి. రెండూ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంటే బ్రౌజర్లు వాటిని ఒకే సైటుగా చూస్తాయి, కుకీలు వాటంతట అవే వెళతాయి. డీఎన్‌ఎస్‌లో ఒక వరుస, ఒక సర్టిఫికెట్ చేర్చే శ్రమతో ఈ సమస్య చాలావరకు తీరిపోతుంది. డొమైన్ మీ చేతిలో లేకపోతే, ప్రతి అభ్యర్థనతోనూ టోకెన్‌ను హెచ్‌టీటీపీ హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్ళే వివరాల్లో) పంపే ఎంబెడ్ పద్ధతి మీ సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో చూడండి. సూపర్‌సెట్ గెస్ట్ టోకెన్ (పొందుపరిచిన డాష్‌బోర్డ్ చూసేవారికి ఇచ్చే తాత్కాలిక టోకెన్) అలాగే పనిచేస్తుంది.

ఫ్రేమ్ అనుమతి వేరే విషయం. ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్‌లో "సేమ్ఆరిజిన్" ఉంటే ఉప డొమైన్‌ను కూడా అది అడ్డుకుంటుంది. దాని బదులు కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో ఫ్రేమ్-యాన్సెస్టర్స్ అనే నియమం పెట్టి, మీ పోర్టల్ చిరునామాను మాత్రమే రాయండి. తొందరలో నక్షత్రం గుర్తు పెట్టి అందరికీ తెరవకండి.

సాఫ్ట్‌వేర్‌ను బట్టి మరచిపోయేవి కొన్ని ఉన్నాయి. మెటాబేస్ స్టాటిక్ ఎంబెడింగ్‌లో ప్రతి డాష్‌బోర్డ్‌నూ విడిగా పబ్లిష్ చేయాలి. సూపర్‌సెట్‌లో ఎంబెడ్ కోసం ఇచ్చే గుర్తింపు సంఖ్య, డాష్‌బోర్డ్ చిరునామాలో కనిపించే సంఖ్య ఒకటి కావు. టాబ్లో కనెక్టెడ్ యాప్స్‌లో టోకెన్ గడువు 10 నిమిషాలు మించకూడదు.

అడుగు 7: మధ్యలో ఉన్న ప్రాక్సీ

నేరుగా అనలిటిక్స్ పోర్టుకు వెళితే పనిచేసి, ప్రాక్సీ ద్వారా పనిచేయకపోతే ఈ అడుగు మీది. మీరు సొంతంగా పేరు పెట్టిన హెడర్‌లో అండర్‌స్కోర్ ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని మామూలుగా వదిలేస్తుంది, చెప్పదు కూడా. అండర్‌స్కోర్ బదులు హైఫన్ వాడండి. బయట హెచ్‌టీటీపీఎస్, లోపల హెచ్‌టీటీపీ నడుస్తుంటే, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపుతున్నారో లేదో చూడండి. అది లేకపోతే 302ల వలయం మొదలవుతుంది. వినియోగదారు పేరును హెడర్‌లో పంపే పద్ధతి వాడుతుంటే, బయటి నుంచి ఎవరైనా అదే హెడర్‌ను తామే పెట్టి పంపినప్పుడు ప్రాక్సీ దాన్ని తీసేసి తన విలువ పెట్టేలా చూడండి. లేకపోతే ఎవరైనా ఎవరి పేరుతోనైనా రావచ్చు.

అడుగు 8: లాగిన్ అయింది, చార్టులు ఖాళీ

ఇక్కడ వెతకాల్సింది మనిషి వివరాల్లో. పోర్టల్‌లో మొబైల్ నంబరు 10 అంకెలుగా ఉండి, అనలిటిక్స్‌లో దేశ కోడ్ 91తో ఉంటే, సర్వర్ వారిని వేర్వేరు మనుషులుగా చూస్తుంది. అసలు మొబైల్ నంబరును గుర్తింపుగా వాడకపోవడమే మేలు. మన పల్లెల్లో తండ్రీకొడుకులు ఒకే నంబరు వాడతారు, సిమ్ మారుస్తారు, వదిలేసిన నంబరు మరొకరికి వెళుతుంది. పోర్టల్ డేటాబేస్‌లో ఎప్పటికీ మారని ఖాతా సంఖ్యను ఎస్‌యూబీలో పంపండి.

తర్వాత ఫిల్టర్ విలువలు. డేటాలో "ఎస్‌పీఎస్‌ఆర్ నెల్లూరు" అని ఉండి, టోకెన్‌లో "నెల్లూరు" అని వెళితే ఒక్క వరుస కూడా రాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. పాత కొనుగోళ్ళ పట్టికలో ఒక జిల్లా, కొత్త ఖాతాలో మరో జిల్లా ఉంటే, కందుకూరు సూపర్‌వైజర్‌కు ఒక తేదీకి ముందు గానీ తర్వాత గానీ లెక్కలు కనిపించవు. ఆయన దాన్ని లాగిన్ లోపమనే చెబుతారు. జిల్లా, మండలం పేర్లతో ఫిల్టర్ చేయకండి; హద్దులు మారినా మారని కేంద్రం కోడ్ ఒకటి ఇచ్చి దానితో ఫిల్టర్ చేయండి.

హెచ్చరిక: ఫిల్టర్ విలువ ఖాళీగా వచ్చినప్పుడు ఏం జరుగుతోందో తప్పక పరీక్షించండి. కొన్ని అమరికల్లో ఖాళీ విలువ అంటే "అంతా చూపు" అని అర్థమవుతుంది. అప్పుడు ఒక కేంద్రం వారికి అందరి ధరలూ కనిపిస్తాయి. విలువ లేకపోతే టోకెనే జారీచేయకూడదు.

అడుగు 9: కాసేపు నడిచి ఆగిపోతే

సూపర్‌సెట్ గెస్ట్ టోకెన్‌కు మామూలు గడువు 300 సెకన్లు. కొత్త టోకెన్ తెచ్చే ఫంక్షన్‌ను దాని ఎస్‌డీకే (పోర్టల్ కోడ్‌లో చేర్చుకునే సూపర్‌సెట్ లైబ్రరీ) గడువుకు ముందే పిలుస్తుంది. ఆ ఫంక్షన్ పాత టోకెన్‌నే తిరిగి ఇస్తుంటే అయిదు నిమిషాలకు డాష్‌బోర్డ్ ఆగుతుంది. చెరువు గట్టు మీద నిలబడి, ఫోన్ జేబులో పెట్టి, తూకం అయ్యాక మళ్ళీ తీసే మనిషిని దృష్టిలో పెట్టుకోండి. తెర ఆరిపోయినప్పుడు బ్రౌజర్ టైమర్లు ఆగిపోవచ్చు, సిగ్నల్ పోవచ్చు. కాబట్టి టైమర్‌ను మాత్రమే నమ్మకుండా, పేజీ మళ్ళీ కనిపించినప్పుడు గడువు సరిచూసి కొత్త టోకెన్ తెచ్చుకునేలా రాయండి. 401 వస్తే ఒక్కసారి మాత్రమే మళ్ళీ ప్రయత్నించాలి. ఆగకుండా ప్రయత్నిస్తే బలహీనమైన నెట్‌వర్క్ మీద సర్వర్‌ను మీరే ముంచుతారు. గడువును 24 గంటలకు పెంచడం సులువే కానీ, పని మానేసిన ఉద్యోగి ఫోన్‌లో కూడా ఆ డాష్‌బోర్డ్ అన్ని గంటలూ తెరుచుకుంటుంది.

ఫలితాన్ని సరిచూసుకోవడం

డాష్‌బోర్డ్ తెరుచుకోవడం ఒక్కటే పరీక్ష కాదు. తెరుచుకోకూడనప్పుడు తెరుచుకోకపోవడం కూడా చూడాలి. వీటిని వరుసగా చేసి, ప్రతిదానికీ వచ్చిన కోడ్ రాసుకోండి.

- మొదటి ఖాతాతో వచ్చి ఆ కేంద్రం మొత్తాన్ని డేటాబేస్‌లోని మొత్తంతో పోల్చండి. రెండో ఖాతాతో కూడా ఇదే చేయండి. రెండు మొత్తాలూ ఒకటే వస్తే ఫిల్టర్ పనిచేయడం లేదు.
- టోకెన్ సంతకం మధ్యలో ఒక అక్షరం మార్చి పంపండి. తప్పక తిరస్కరించాలి.
- గడువు తీరిన టోకెన్ పంపండి. తిరస్కరించాలి.
- మొదటి ఖాతా టోకెన్‌తో రెండో కేంద్రం కోడ్‌ను చిరునామాలో అడగండి. రెండో కేంద్రం డేటా రాకూడదు.
- పోర్టల్‌లో లాగౌట్ అయ్యి, బ్యాక్ బటన్ నొక్కి చూడండి.
- ఐఫోన్‌లో, మొబైల్ డేటా మీద, అయిదు నిమిషాలు తెర ఆర్పి మళ్ళీ తెరవండి.

ఇవన్నీ నెగ్గాక, వెతుకులాట కోసం పెంచిన డీబగ్ లాగ్ స్థాయిని తగ్గించండి, లాగ్‌లలో పడిన టోకెన్లను తుడిచేయండి, తాత్కాలికంగా తెరిచిన పోర్టులను, అనుమతులను మూసేయండి. ఈ పనిలో కీని ఎవరికైనా మెయిల్‌లోనో మెసేజ్‌లోనో పంపి ఉంటే, కొత్త కీ తయారుచేసి రెండు సర్వర్లలోనూ పెట్టి, పై పరీక్షల్లో మొదటి రెండింటిని మరోసారి చేయండి.